నిల్ కూడా కబురే

బ్యాంకులో మాకొక పాత రివాజు ఉంది. పై ఆఫీసుకు పంపవలసిన స్టేట్‌మెంటులో చూపడానికి ఏమీ లేకపోయినా 'నిల్' అని రాసి పంపి తీరాలి. కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చినా ఇది మారలేదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు "ఏమీ లేనిదానికి పంపడం దేనికండీ?" అంటారు. ఏమీ లేదని చెప్పడం వేరు, ఏమీ చెప్పకపోవడం వేరు. స్టేట్‌మెంటు రాకపోతే లెక్క సున్నాయో, బ్రాంచి నిద్రపోయిందో పై వాళ్ళకు ఎలా తెలుస్తుంది?

ఫ్యాక్టరీల్లోనూ ఇదే సూత్రమని మా మేనల్లుడు చెప్పాడు. అతను బెంగుళూరు పీణ్యాలో ట్రాన్స్‌మిటర్లు డిజైను చేస్తాడు. నేను బి.కాం. వాణ్ణి, అర్థమైనంత చెబుతాను.

బాయిలరు దగ్గర ఆవిరి ఒత్తిడిని కొలిచే సెన్సారు ఉంటుంది. కంట్రోలు రూము ఎక్కడో రెండు ఫర్లాంగుల దూరాన ఉంటుంది. కొలతను వోల్టేజిగా పంపితే దారిలో కొంత తరగవచ్చు, పక్కనున్న మోటార్ల రొద కూడా కలవవచ్చు. కరెంటుగా పంపితే ఆ బాధ తక్కువ. ఒకే వలయంలో పారే కరెంటు మొదట ఎంతో చివరా అంతే.

ఆ కరెంటు 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు. 16 కిలోల ఒత్తిడి దాకా కొలిచే ట్రాన్స్‌మిటరు అనుకుందాం. ఒత్తిడి సున్నా అయితే 4, ఎనిమిది కిలోలైతే 12, పదహారైతే 20. సున్నాకు సున్నాయే పంపక 4 ఎందుకు? అదే మన 'నిల్' స్టేట్‌మెంటు! తీగ తెగితే కరెంటు నిజంగానే సున్నా అవుతుంది. ఈ 4 లేకపోతే తెగిన తీగ "ఒత్తిడి లేదు" అని చెప్పినట్టే. కంట్రోలరు అది నమ్మి మంట ఇంకా పెంచుతుంది. సేఫ్టీ వాల్వు ఉంటుంది, నిజమే. కాని అందాకా రానివ్వడం ఏం తెలివి? గాలి గొట్టాలతో కబురు పంపిన రోజుల్లోనూ 3 నుంచి 15 పి.ఎస్.ఐ. అనే పెట్టుకున్నారు.

ఆ 4 వల్ల ఇంకో లాభం ఉంది. కబురు మోసే రెండు తీగల మీదనే ట్రాన్స్‌మిటరు తన కడుపూ నింపుకుంటుంది. నామూర్ అనే సంస్థ సిఫారసు ప్రకారం కరెంటు 3.6కు దిగినా, 21కి ఎక్కినా ఎక్కడో చెడిందని గుర్తు. అంటే, చెడిపోయానని చెప్పుకోవడానికైనా లోపలి సరంజామా అంతా 3.6లోనే బతకాలి. వోల్టేజికీ బడ్జెట్టు ఉంది. సప్లై 24 వోల్టులు. కరెంటు 20 ఉన్నప్పుడు 250 ఓముల రెసిస్టరు 5 వోల్టులు తీసుకుంటుంది, తీగలు 50 ఓములైతే మరొకటి పోతుంది. మిగిలిన 18తో సంసారం గడవాలి. ఈ జమాఖర్చు మాత్రం నాకు చప్పున అర్థమైంది.

పై ఊళ్ళలో ఉన్న మన పిల్లలు "విశేషాలేం లేవు, అందుకే ఫోను చెయ్యలేదు" అంటుంటారు. విశేషాలేం లేవని చెప్పడానికే చెయ్యండి నాయనా! ఇక్కడ కూర్చున్న మాకు సున్నా ఏదో, తెగిన తీగ ఏదో తెలియదు.