గులాబీ రంగు ఎవరి చేతికి అంటింది?



బాంబు కేసుల్లో "ఫోరెన్సిక్ రిపోర్టు వచ్చింది" అనగానే మనవాళ్లు కూడా నోరు మూసుకుంటారు. పోలీసు అబద్ధమాడొచ్చు, సాక్షి అమ్ముడుపోవచ్చు, ల్యాబ్‌కి కులమతాలు లేవు కదా అంటారు. నిజమే, రసాయనానికి కులం లేదు. కానీ ఆ రసాయనం ముందుకి ఎవరి చేతులు తీసుకురావాలో నిర్ణయించేది ఎవరు?

1974 నవంబరు 21న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో రెండు పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. అదే రాత్రి బెల్‌ఫాస్ట్ వెళ్లడానికి రైల్లో వచ్చి ఓడ ఎక్కబోతున్న ఐదుగురు ఐరిష్ కార్మికులను పట్టుకున్నారు. తర్వాత ఆరో మనిషిని. శవపరీక్షలు తేలకముందే వాళ్లు ఐరిష్ వాళ్లన్న సంగతి తేలిపోయింది.

ఫ్రాంక్ స్కూస్ అనే ప్రభుత్వ శాస్త్రవేత్త వాళ్ల చేతులు తుడిచి గ్రీస్ పరీక్ష చేశాడు. గులాబీ రంగు వస్తే నైట్రోగ్లిజరిన్ ఉన్నట్టు లెక్క. ఇద్దరి చేతుల విషయంలో రంగు వచ్చింది. వాళ్లు పేలుడు పదార్థాలు పట్టుకున్నారని 99 శాతం నమ్మకంగా చెప్పగలనని కోర్టులో అన్నాడు. ఆ ఫలితాన్ని ఇంకో నిపుణుడు తప్పుపట్టినా జడ్జి స్కూస్ మాటే నమ్మాడు. 1975లో ఆరుగురికీ యావజ్జీవం పడింది.

ఆ రైల్లో వాళ్లు పేకాడారు. పేకముక్కల మీది పూతలో ఉండే నైట్రోసెల్యులోజ్‌కి కూడా గులాబీ రంగు రావచ్చని 1985లో ఒక టీవీ కార్యక్రమం కోసం మళ్లీ చేసిన పరీక్షల్లో బయటపడింది. 1991 మార్చి 14న, 16 ఏళ్ల జైలు తర్వాత, వాళ్లు విడుదలయ్యారు. విడిపించిందీ సైన్సే. పోలీసుల విచారణ నోట్సు కాగితాలను పరీక్షిస్తే, చెప్పిన తీరులో రాసినవి కావని తేలింది. ఆ 21 మందిని చంపిన నేరానికి మాత్రం ఇప్పటికీ ఎవరికీ శిక్ష పడలేదు.

తెలుగులో "అంటు" అనే మాట ఉంది. చేతికి అంటుకునేదీ అంటే, మనల్ని దూరం పెట్టిందీ అంటే. ఐరిష్ చేతికి పేకముక్క పూత అంటితే అది బాంబైంది. నేరస్థ తెగల చట్టం ఎరుకల బిడ్డకు పుట్టుకనే నేరంగా అంటగట్టింది. ముందు మనిషి మీద మరక, తర్వాత దానికి రుజువు!

2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో 9 మంది పేలుడుకే చనిపోయారు. పేలని బాంబు కూడా చేతికి దొరికింది. అంటే చూడాల్సిన వస్తువు కళ్లముందే ఉంది. అయినా వేట పాతబస్తీ గల్లీల్లోకి పోయింది. అప్పుడు పట్టుకెళ్లిన ముస్లిం యువకులు తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. హిందుత్వ సంబంధాల ఆరోపణలతో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ 2018 ఏప్రిల్‌లో ఎన్‌ఐఏ కోర్టు వదిలేసింది. పోయిన ప్రాణాలకు జవాబు ఎవరు చెప్తారు?

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. పాత సీఆర్‌పీసీ 293, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 329 సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ల్యాబ్ నిపుణుడు కోర్టుకి రాకపోయినా అతని రిపోర్టును సాక్ష్యంగా తీసుకోవచ్చు. కోర్టు కావాలనుకుంటే పిలవొచ్చు, అంతే. బర్మింగ్‌హామ్‌లో స్కూస్‌ని బోనులో నిలబెట్టి అడిగారు, అయినా 16 ఏళ్లు పట్టింది. అసలు బోనెక్కని కాగితాన్ని పేదవాడు ఏమని అడగాలి?

లా చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రిపోర్టును కూడా ఒక పాఠంలాగే చదవండి. నమూనా ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ముందు తీశారు? సీలు చెదరలేదా? ఆ పదార్థం ఇంకెక్కడి నుంచైనా రావచ్చా? రెండో పరీక్షకి నమూనా మిగిల్చారా? పరీక్షించిన మనిషిని కోర్టుకి పిలవమని ముద్దాయి అడిగితే అది హక్కు కావాలి, జడ్జి దయ కాకూడదు. ముద్దాయికి తన సొంత నిపుణుణ్ణి పెట్టుకునే ఖర్చు ప్రభుత్వమే భరించాలి. మనం అడగాల్సింది ఇది.

సైన్సు మీద నమ్మకం ఉన్నవాళ్లమే సైన్సుని ప్రశ్నించాలి. అంబేద్కర్ బిడ్డలకి ఇది కొత్త పాఠం కాదు.

జై భీమ్.