ఏసీ గదిలో రివ్యూ, గుడివాడలో వాడకం

మే నెల, రాత్రి పదకొండు. గుడివాడలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని క్లయింట్ కాల్‌లో ఉన్నా. బిల్డ్ మొదలెట్టగానే ల్యాప్‌టాప్ ఫ్యాన్ అందుకుంది. పక్క మంచం మీంచి అమ్మమ్మ: "ఏరా, ఈ వేళప్పుడు మిల్లు ఆడుతోందేంటి?"

కొనేముందు చూసిన రివ్యూల్లో "సైలెంట్" అన్నారు. ఏసీ గదిలో నిజమే అయ్యుండొచ్చు. ఫ్యాన్ చల్లదనాన్ని పుట్టించదు, గదిలో ఉన్న గాలినే లోపలికి లాగుతుంది. ఆ గాలే 36 డిగ్రీలుంటే, అదే వేడిని బయటికి నెట్టడానికి ఇంకా వేగంగా తిరగాలి. ఫ్యాన్ వేగం రెట్టింపైతే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది.

నేను చేసిందొకటే. విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99 శాతానికి తగ్గించా. నా ల్యాప్‌టాప్‌లో టర్బో బూస్ట్ ఆగిపోయింది. బిల్డ్ కాస్త ఆలస్యమవుతోంది, అమ్మమ్మకి నిద్ర పడుతోంది.

కానీ డబ్బు పెట్టి కొన్న స్పీడ్‌ని నేనే వదులుకున్నట్టు కదా! అందుకే రివ్యూలు చేసేవాళ్లకి ఒక్క మాట: డెసిబెల్స్ పక్కన గది ఉష్ణోగ్రత కూడా రాయండి. వీలైతే ఏసీ ఆపి ఇంకోసారి కొలవండి. మేం వాడేది ఆ గదిలోనే.