హ్యారీ ఎందుకు ఆలస్యమయ్యాడు?

"మేడమ్, మా బాబు హ్యారీ పాటర్ పట్టుకుంటే వదలడు. ఆ మంత్రాలతో ఏం లాభం?" పేరెంట్స్ మీటింగ్‌లో తరచూ వినే మాట ఇది.

పిల్లల్ని లాగేది మంత్రాలొక్కటే కాదని నా అభిప్రాయం. 2000లో వచ్చిన నాలుగో పుస్తకం 'గాబ్లెట్ ఆఫ్ ఫైర్'లో సరస్సు అడుగున ఒక పోటీ ఉంది. గంటలోపు ఎవరి మనిషిని వాళ్లు విడిపించి తేవాలి. హ్యారీ అందరికంటే ముందే అక్కడికి చేరతాడు. కానీ మిగతావాళ్ల కోసం ఎవరూ రాకపోతే ఎలాగని ఆగిపోతాడు. చివరికి తన స్నేహితుడు రాన్‌తో పాటు, పోటీలో ఉన్న ఫ్లూర్ చెల్లెల్ని కూడా పైకి తెస్తాడు. గంట దాటిపోతుంది. అయినా 50కి 45 మార్కులు వేస్తారు. (ఒక న్యాయనిర్ణేతకు అది నచ్చదు, అది వేరే సంగతి.)

మన పిల్లలు రోజంతా "నీ పని నువ్వు చూసుకో" అనే వింటున్నారు. ఆ కథలో మాత్రం వాళ్ల వయసు పిల్లాడి అవసరం ఇంకొకరికి ఉంది.

ఈ ఘట్టం క్లాసులో చెప్పిన రోజు ఒక పాప నా దగ్గరకొచ్చింది. "టీచర్, రేపు స్లిప్ టెస్ట్. జ్వరమొచ్చి రాని నా ఫ్రెండ్‌కి నోట్స్ ఇవ్వొచ్చా? అమ్మ వద్దంది."

ముందు నీ ఫొటోకాపీ తీసుకుని, ఇవ్వమన్నాను. వాళ్లమ్మగారు కోప్పడరనే నా నమ్మకం.