గృహవైద్యము: పెట్టెలో మిగిలిన మాత్ర

ఇంట నొకరికి జబ్బు చేసినప్పుడు తెచ్చిన మాత్రలు నాలుగు మిగిలినచో పారవేయ మనసొప్పక దాచుట మనకందరకు నలవాటే. మరియొకనాడు బిడ్డకు ఒళ్లు వెచ్చబడినంతనే ఆ మాత్రయే చేతికి వచ్చును. అది టెట్రాసైక్లిను జాతి మందైనచో నేమి కీడు మూడునో యీ మాసమున ముచ్చటింపదలచితిమి.

ఈ జాతిలో మొదటిదగు ఆరియోమైసిను అమెరికాలోని మిస్సోరి రాష్ట్రపు పొలము మట్టిలో దొరకిన సూక్ష్మజీవినుండి లభించినది. 1948లో దానిని లోకమునకు వెల్లడించినవారు డగ్గరు అను శాస్త్రజ్ఞులు. వారు పనిచేసిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతిగా నుండినవారు మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఈ మందులు రోగక్రిముల వృద్ధిని నిలిపివేయును. నల్లిని పోలిన చిన్న పురుగు కాటువలన వచ్చు స్క్రబ్ టైఫసు జ్వరమునకు, కలరాకు, ముదిరిన మొటిమలకు వైద్యులు డాక్సీసైక్లిను నిచ్చుచున్నారు. వైరసువలని జలుబునకు మాత్ర మివి పనికిరావు.

టెట్రాసైక్లిను కాల్షియముతో గట్టిగా చేరును. గర్భస్థశిశువునకును, ఎనిమిదేండ్లలోపు బిడ్డలకును దంతము లేర్పడుచుండును గనుక మందు వానిలో నిలిచి పసుపు, గోధుమ వన్నెల మచ్చలు కలిగించును. ఎంత తోమినను అవి పోవు. కావున గర్భిణులకును, పసివారికిని వైద్యుని యనుమతి లేనిదే యీయరాదు. అట్లని స్క్రబ్ టైఫసు వంటి ప్రాణాపాయ జ్వరమున వైద్యుడు బిడ్డకు కొలదిదినములు డాక్సీసైక్లిను నిచ్చినచో వెరచి మానిపింపరాదు. అట్టి స్వల్పకాలపు వాడుకవలన దంతములు చెడినట్లు పరిశోధనలలో కానరాలేదు.

పెద్దలు ఈ మాత్రను గ్లాసెడు నీళ్లతో పుచ్చుకొని, అరగంటయైన పడుకొనక యుండవలెను. లేనిచో అది అన్నవాహికలో నిలిచి పుండు చేయును. పాలతోను, ఇనుము మాత్రలతోను, కడుపుమంట మందులతోను కలిపి పుచ్చుకొన్నచో ఒంటబట్టదు. నడుమ రెండు మూడు గంటల యెడముండవలెను. కొందరికి వికారము కలుగును. ఎండలో తిరిగినచో చర్మము కమిలిపోవును. గడువు దాటిన టెట్రాసైక్లిను మూత్రపిండములను చెరచిన సందర్భములును గలవు.

వైద్యుడు చెప్పిన దినములన్నియు వాడినచో మాత్ర మిగులుట యరుదు. ఒకవేళ మిగిలినను దానిని పొదుపని తలపక, నేడే మందులపెట్టె వెదకి తీసివేయుదురుగాక.