కంటికీ ఆచ్ఛాదన కావాలి: పొడికళ్ళు, రెప్పల వాపుతో నేను నేర్చుకున్నది



పై వీడియోలో నేను పొద్దున్నే వేడి గుడ్డతో కళ్ళకు కాపడం పెట్టుకోవడం చూశారు కదా. ఆ వీడియో పెట్టిన రోజు నుంచి ఫోన్లలో ఒకటే ప్రశ్న. "ప్రకృతి వ్యవసాయం చేసేవాడివి, నీకు కళ్ళ జబ్బేంటి? ఇంగ్లీషు మందు వాడటమేంటి?" వీడియోలో నాలుగు నిమిషాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

మాది పల్నాడు. నాలుగెకరాలు. మిరప, కంది, కొంచెం కూరగాయలు. ఎనిమిదేళ్ళుగా పొలంలో రసాయనాలు లేవు. ఇంట్లో తినేది చాలావరకు మా చేలో పండిందే. అయినా నా కళ్ళు పొడిబారాయి, కనురెప్పలు వాచాయి. అందుకే ముందుగా ఒక మాట ఒప్పుకుంటున్నా. మంచి తిండి తింటే ఏ జబ్బూ దగ్గరికి రాదని మీటింగుల్లో మైకు పట్టుకుని చెప్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ మాట తప్పు.

మొదలైంది ఇలా

నాలుగేళ్ళ కిందట మిరప కోతలప్పుడు కళ్ళంలో తాలుకాయలు ఏరుతుంటే కళ్ళు మండాయి. మిరప ఘాటు కదా, మామూలే అనుకున్నా. కోతలైపోయాయి, మంట మాత్రం పోలేదు. కంట్లో ఇసుక పోసినట్టు గరగర. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయేవి. వెంట్రుకల మొదట్లో చుండ్రులాంటి పొట్టు. బండి మీద వెళ్తుంటే ధారగా నీళ్ళు కారేవి. ఇన్ని నీళ్ళు కారే కన్ను పొడికన్ను అని ఎవరనుకుంటారు? నేనూ అనుకోలేదు, సలహాలిచ్చినవాళ్ళూ అనుకోలేదు.

మా అమ్మ నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకోమంది. చల్లగా అనిపించింది, అంతకుమించి ఏమీ తగ్గలేదు. పక్క చేను బాబాయి తేనె చుక్క వేయమన్నాడు, వేశా. ఇంకొకాయన గోమూత్రం వడగట్టి వేసుకోమన్నాడు. మన ఆవు, మన గోమూత్రం, భయమెందుకని అదీ వేశా. ఆ రాత్రంతా కన్ను తెరవలేకపోయా.

ఆ తర్వాత మందుల షాపుకెళ్ళా. "కళ్ళు ఎర్రబడుతున్నాయి" అంటే ఒక చుక్కల మందు ఇచ్చాడు. రెండ్రోజుల్లో ఎరుపు పోయింది. అబ్బ, ఎంత బాగా పనిచేసింది అనుకున్నా. ఆపిన వారానికి మళ్ళీ మొదలు. మళ్ళీ అదే సీసా. అలా ఏడు నెలలు వాడా. అది స్టెరాయిడ్ మందని నాకు తెలీదు. నేను అడగలేదు, అతను చెప్పలేదు.

పురుగుమందుల షాపులో ఇచ్చిన డబ్బా తెచ్చి పేరు కూడా చదవకుండా కొట్టే అలవాటు నేను మానేసి ఎనిమిదేళ్ళయింది. నా కంటికి మాత్రం సరిగ్గా అదే పని చేశా. యూరియా చల్లిన నాలుగో రోజు పచ్చబడ్డ చేను చూసి మురిసిపోయినట్టు, తెల్లబడ్డ కన్ను చూసి మురిసిపోయా.

డాక్టరమ్మ చెప్పింది

చివరికి మా అమ్మాయి "నాన్నా, ఇంక నీ మాట వినను" అని గుంటూరులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. "ఇంతవరకు కంట్లో ఏమేం వేశారండీ?" అని ఆవిడ మొదటి ప్రశ్న. గోమూత్రం సంగతి తప్ప అన్నీ చెప్పా. అది మా అమ్మాయి చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు. "నల్లగుడ్డు మీద చిన్న గీత పడి ఉంటే ఈ పాటికి పుండు పడేది. మీ అదృష్టం బాగుంది" అంది.

తర్వాత కంటి లోపలి ఒత్తిడి చూశారు. 21 లోపు ఉండాల్సింది నాకు 28 ఉంది. స్టెరాయిడ్ చుక్కలు కొందరికి ఇలా ఒత్తిడి పెంచుతాయట. అలాగే వదిలేస్తే కంటి నరం దెబ్బతింటుంది. అదే నీటికాసులు. అలా పోయిన చూపు తిరిగి రాదు. ఎక్కువ కాలం వాడితే శుక్లాలూ తొందరగా వస్తాయి. నాకు నరం దెబ్బతినకముందే బయటపడింది. మందు ఆపించి, నెలనెలా చూస్తే ఒత్తిడి మెల్లగా దిగింది. ఆ మూడు నెలలు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

అసలు జబ్బేమిటో కూడా ఆవిడే విడమరిచి చెప్పింది. కింది రెప్పలో సన్నటి కాగితం పట్టీ పెట్టి 5 నిమిషాల్లో ఎంత తడిసిందో చూశారు. పసుపు రంగు చుక్క వేసి, కన్నీటి పొర ఎన్ని సెకన్లకు చెదురుతుందో లెక్కపెట్టారు. 10 సెకన్లయినా నిలవాలట. నాది 4 సెకన్లకే చెదిరింది. రెప్ప అంచును మెల్లగా నొక్కితే నూనె బదులు టూత్‌పేస్టులాంటి ముద్ద వచ్చింది.

నాకు అర్థమైనంత వరకు మన భాషలో చెప్తా. కన్నీరంటే ఒట్టి నీళ్ళు కాదు. అడుగున జిగురు, మధ్యలో నీరు, పైన పల్చటి నూనె పొర ఉంటాయి. ఆ నూనె ఇచ్చేవి రెప్పల అంచు లోపల వరసగా ఉండే గ్రంథులు. పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. రెప్ప వేసినప్పుడల్లా కాస్త నూనె బయటికొచ్చి నీటి మీద పరుచుకుంటుంది.

మనం నేల మీద గడ్డి కప్పేది దేనికి? తడి ఆవిరి కాకుండా. కంటికి ఆ ఆచ్ఛాదన ఈ నూనె పొర. నా గ్రంథులు వాచి, నూనె గడ్డకట్టి, దారి మూసుకుపోయింది. కప్పు లేని నేలలాగా కన్ను ఎండింది. ఎండిన కన్ను మంటెక్కి ఒక్కసారిగా నీళ్ళు కారుస్తుంది. బెట్టకొచ్చిన నేల మీద కుండపోత వాన పడితే ఏమవుతుంది? ఇంకదు, కొట్టుకుపోతుంది. నా కన్నీళ్ళూ అంతే.

"ఇది ఒక కోర్సుతో పోయేది కాదండీ, రోజూ చూసుకుంటూ అదుపులో పెట్టుకునేది" అని కూడా చెప్పింది. నిజం చెప్పాలంటే ఆ మాట నచ్చలేదు. కానీ ఒక్క పిచికారీతో నేల బాగుపడదని పదిమందికి చెప్పే నేను, కంటికి మాత్రం ఒక్క సీసాతో నయం కావాలని ఎందుకు ఆశపడ్డాను?

నేను రోజూ చేసేది

శుభ్రమైన నూలుగుడ్డ, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళు. ముందు ముంజేతి లోపలివైపు ఆనించి చూసుకోవాలి, చర్మం కాలకూడదు. కళ్ళు మూసుకుని 5 నుంచి 10 నిమిషాలు పెట్టాలి. గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ ముంచాలి. చల్లారిన గుడ్డతో లాభం లేదు, గడ్డకట్టిన నూనె కరగదు.

వెంటనే చేతులు కడుక్కుని రెప్పల్ని మెల్లగా ఒత్తాలి. పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల వైపుగా. కనుగుడ్డును నొక్కకూడదు. తర్వాత డాక్టరమ్మ రాసిన తడి వైపులతో వెంట్రుకల మొదళ్ళు తుడవాలి. మొదటి నెల రోజుకు రెండుసార్లు చేశా, ఇప్పుడు ఒకసారి. మూడో వారం దాకా తేడా తెలియలేదు. చాలామంది అక్కడే మానేస్తారు.

మిరపకు నల్లి పట్టినట్టే కనురెప్పలకూ కంటికి కనిపించని నల్లి పడుతుంది. డెమోడెక్స్ అంటారు. అది ఉందో లేదో డాక్టరే చూసి చెప్పాలి. నల్లి అనగానే వేపనూనె రాద్దామని ఎవరూ మొదలెట్టకండి. టీ ట్రీ నూనె కూడా నేరుగా రాస్తే కంటిని కాలుస్తుంది.

మందుల సంగతి. ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు రోజుకు నాలుగైదు సార్లు వేస్తున్నా. ప్రిజర్వేటివ్ ఉన్నవి అన్నిసార్లు వేస్తే ఆ రసాయనమే కంటిని ఇబ్బంది పెడుతుందట. వాపు తగ్గడానికి ఆరు వారాలు డాక్సీసైక్లిన్ ఇచ్చారు. అది వాడేటప్పుడు ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. పొలం పని చేసేవాళ్ళు ఈ సంగతి డాక్టరుతో ముందే చెప్పుకోవాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఆ మాత్ర మామూలుగా ఇవ్వరు. తర్వాత సైక్లోస్పోరిన్ చుక్కలు రాశారు. అవి మొదట్లో మండుతాయి, గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఇవన్నీ నాకు రాసినవి. నా చీటీ చూసి మీరు కొనుక్కోవద్దు.

తిండి సంగతి

మనోళ్ళు ఎక్కువ అడిగేది ఇదే. నేను తినేది చెప్తా, గొప్పలు మాత్రం చెప్పను. అవిసె గింజలు దోరగా వేయించి పొడి కొట్టి రోజుకు రెండు చెంచాలు అన్నంలో కలుపుకుంటా. అవిసె చెట్టు గింజలు కాదు, నూనెగింజ అవిసెలు. పొడి ఒకేసారి ఎక్కువ కొట్టకండి, కారిపోయి చేదెక్కుతుంది. వారానికి రెండుసార్లు కవళ్ళో కానాగంతలో తింటున్నా. మునగాకు, పొన్నగంటి, బొప్పాయి ఇంట్లోవే. ఆకుకూరకు కాస్త నూనో నెయ్యో తగిలితేనే అందులోని విటమిన్ ఎ ఒంటికి పడుతుంది. బజారు నూనె వంటలు, తీపి తగ్గించా. చేలో మంచినీళ్ళు దగ్గర పెట్టుకుంటా.

ఇదంతా చేస్తే ఒళ్ళు తేలికపడింది, షుగర్ అదుపులోకి వచ్చింది. కళ్ళకూ తోడ్పడిందనే నా నమ్మకం. కానీ నమ్మకం వేరు, రుజువు వేరు. అమెరికాలో 500 మందికి పైగా పొడికళ్ళవాళ్ళ మీద ఏడాది పాటు పరీక్ష చేసి 2018లో ఫలితం ప్రకటించారు. చేపనూనె మాత్రలు మింగినవాళ్ళకీ, పోల్చి చూడటానికి ఆలివ్ నూనె మాత్రలు మింగినవాళ్ళకీ దాదాపు ఒకేలా తగ్గింది. కాబట్టి ఖరీదైన మాత్రల డబ్బాలు కొనే ముందు ఆలోచించండి. అలాగే విటమిన్ ఎ లోపంతో వచ్చే పొడికన్ను వేరు, మూసుకుపోయిన నూనె గ్రంథుల వల్ల వచ్చేది వేరు. రెండోదానికి కుండెడు మునగాకు తిన్నా గ్రంథి తెరుచుకోదు. దానికి వేడి గుడ్డే కావాలి.

పొలంలో జాగ్రత్త

ఒక చేదు నిజం. పురుగుమందు కొట్టేటప్పుడు ముఖానికి గుడ్డ కట్టుకునేవాళ్ళం. కషాయాలకు మారాక అదీ మానేశాం. సహజమే కదా! అగ్నిఅస్త్రంలో ఏముంది? పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు, వేపాకు, గోమూత్రం. అది ఉడికేటప్పుడు ఆవిరి మీద ముఖం పెట్టి కలిపేది మనమే. పురుగును తరిమే ఘాటు కంటిని వదిలేస్తుందా? ఇప్పుడు నేను కళ్ళద్దాలు లేకుండా కషాయం కాయను, పిచికారీ చేయను, మిరప కళ్ళంలో అడుగు పెట్టను. బండి మీదా అద్దాలే. ఫ్యాను గాలి ముఖానికి తగలకుండా మంచం జరిపా. రాత్రుళ్ళు ఫోన్లో వ్యవసాయం వీడియోలు గంటలకొద్దీ చూసేది కూడా మనమే. తెర చూస్తుంటే రెప్ప వేయడమే మర్చిపోతాం.

ఇంకొక మాట. కంటికి వరి ఆకో, కంది పుల్లో గీసుకుని నొప్పి మొదలైతే, వెలుతురు చూడలేకపోతే, చూపు మసకబారితే, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపిస్తే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆకు గీసుకుంటే బూజు పుండు పట్టే ప్రమాదం ఉంది. అందులో స్టెరాయిడ్ చుక్క పడితే చేజేతులా కన్ను పోగొట్టుకున్నట్టే. నోరు కూడా ఎండిపోతుంటే, కీళ్ళు వాస్తుంటే అదీ డాక్టరుతో చెప్పండి. కొన్ని ఒంటి జబ్బులు ముందు కంట్లోనే కనబడతాయి.

నేను అనేది ఇంతే

ప్రకృతి వ్యవసాయం నాకు నేర్పింది మందుల మీద ద్వేషం కాదు. కారణం వెతకమని, ఓపిక పట్టమని, తెలియనిది చల్లొద్దని నేర్పింది. అదే బుద్ధి కంటి దగ్గర ఎందుకు పక్కన పెట్టాలి? మన వేదికల మీద "ఆసుపత్రికి వెళ్ళకండి, ఇది వేసుకోండి" అని చెప్పేవాళ్ళను ఇకనుంచి అడుగుదాం. అయ్యా, కన్ను పోతే ఎవరిస్తారు?

ఇప్పుడు నా కళ్ళు పూర్తిగా నయమయ్యాయని చెప్పను. కాపడం నాలుగు రోజులు ఎగ్గొడితే గరగర మళ్ళీ వస్తుంది. కానీ పొద్దున్నే రెప్పలు అతుక్కోవడం లేదు. ఆకు వెనక తెల్లదోమ ఉందో లేదో అద్దాలు తుడుచుకోకుండానే కనబడుతోంది. రైతుకు అంతకన్నా ఏం కావాలి?

మీ ఇంట్లో ఎవరికైనా కళ్ళు మండుతూ నీళ్ళు కారుతుంటే వాళ్ళు వాడే చుక్కల సీసా తీసి ఒకసారి పేరు చదవండి. తెలియకపోతే అది పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కాపడం పెట్టే పద్ధతి, రెప్పలు ఒత్తే పద్ధతి వీడియోలో నిదానంగా చూపించాను, మీ ఇంట్లో పెద్దవాళ్ళకూ చూపించండి.

ఉంటాను. జై కిసాన్.