ఆదివారం కూడా ఆఫీసే!

వీడియో గేమ్ ముందు కూర్చున్న పిల్లలకి టైమ్ తెలియదు. ఆ గేమ్ తయారుచేసేవాళ్లకీ తెలియదు... కాకపోతే కారణమే వేరు!

2004 నవంబరు. అమెరికాలో ఓ యువతి ఇంటర్నెట్‌లో బహిరంగలేఖ పెట్టింది. అసలు పేరు చెప్పలేదు. 'ఈఏ స్పౌజ్' అని మాత్రం రాసుకుంది. ఈఏ అంటే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, కాలిఫోర్నియాలోని పెద్ద గేమ్స్ కంపెనీ. ఆమెకి కాబోయే భర్త అక్కడ పనిచేసేవాడు.

గేమ్ విడుదలకు ముందు రాత్రింబవళ్లు పనిచేయడాన్ని ఆ పరిశ్రమలో 'క్రంచ్' అంటారు. మొదట రోజుకి ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులే అన్నారు. తర్వాత పన్నెండు గంటలైంది. ఆఖరికి ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పది దాకా... వారంలో ఏడు రోజులూ! ఎప్పుడైనా ఓ శనివారం సాయంత్రం ఆరున్నరకి వదిలితే అదే పండగ. ఓవర్‌టైమ్ లేదు, బదులు సెలవూ లేదు. తగ్గని తలనొప్పితో, కడుపునొప్పితో మనిషి ఇల్లు చేరేవాడు. ఇదీ ఆమె గోడు.

ఆ ఉత్తరం గుప్పుమంది. ఓవర్‌టైమ్ ఎగ్గొట్టారంటూ అప్పటికే ఓ కేసు కోర్టులో ఉంది. తర్వాత మరొకటి పడింది. ఈఏ రాజీకొచ్చింది. బొమ్మలు గీసే ఆర్టిస్టులకు 2005లో కోటీ 56 లక్షల డాలర్లు, ప్రోగ్రామర్లకు 2006లో కోటీ 49 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొంది. ఆ ఏడాదే ఆ యువతి పేరు ఎరిన్ హాఫ్‌మన్ అని లోకానికి తెలిసింది.

అయితే ఆ డబ్బు గడిచిపోయిన గంటలకు. మరి రేపటి గంటల సంగతి? దానికి యాజమాన్యం ఎదుట కూర్చుని బేరమాడేవాళ్లు ఉండాలి. అంటే యూనియన్!

అది రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 2021 డిసెంబరులో విస్కాన్సిన్‌లోని రావెన్ సాఫ్ట్‌వేర్ పన్నెండుమంది టెస్టర్లకు ఉద్వాసన చెప్పింది. గేమ్‌లో తప్పులు పట్టేది వీళ్లే. జీతాలూ అంతంతే. తోటివాళ్లు పని మానేసి బయటికొచ్చారు, వారాలపాటు సమ్మె చేశారు, యూనియన్ పెడతామన్నారు. మాతృసంస్థ యాక్టివిజన్ బ్లిజార్డ్... టెస్టర్లు మాత్రమే కాదు, స్టూడియో మొత్తం ఓటెయ్యాలని పట్టుబట్టింది. కార్మిక సంబంధాల బోర్డు కుదరదంది. ఈలోగా కంపెనీ మిగతా టెస్టర్ల జీతాలు పెంచి రావెన్ వాళ్లని పక్కన పెట్టింది. అదేమంటే చట్టం అడ్డొస్తోందంది!

అయినా టెస్టర్లు బెదరలేదు. 2022 మేలో ఓట్లు లెక్కపెడితే యూనియన్‌కి అనుకూలంగా 19, వ్యతిరేకంగా 3! ఆ తర్వాత కంపెనీ మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. 2025లో ఒప్పందం కుదిరింది. జీతాల పెంపుతోపాటు తప్పనిసరి ఓవర్‌టైమ్‌కి హద్దులూ అందులో ఉన్నాయి.

అప్పటి ఉత్తరం ఒక కంపెనీ గురించి, ఈ ఒప్పందం మరో కంపెనీలో. కానీ రెండిట్లోనూ ఉన్న కోరిక ఒక్కటే... మనిషి వేళకి ఇల్లు చేరాలని. అంత చిన్న మాట కాగితం మీదికెక్కడానికి ఇరవయ్యేళ్లు పట్టింది!