అల్లాహ్ ఇచ్చిన సడలింపును అడ్డుకునే హక్కు ఎవరిది?

రమజాన్ సమీపించగానే మన మొహల్లాలలో ఒక విచిత్రమైన న్యాయస్థానం కొలువుదీరుతుంది. దానికి ఖాజీ ఉండడు, గ్రంథప్రమాణం ఉండదు. చక్కెరవ్యాధిగ్రస్తుడు వేలికొన నుండి రక్తపుచుక్క తీసి పరీక్షించుకుంటే, ‘నీ రోజా పోయింది’ అని తీర్పు వెలువడుతుంది. కంటిలో మందు వేసుకున్న వృద్ధురాలికీ, మరచిపోయి గుక్కెడు నీరు త్రాగిన బాలునికీ అదే తీర్పు. ఇవి ధర్మం పేరిట వెలువడుతున్న తీర్పులే గాని, ధర్మం నుండి వెలువడిన తీర్పులు కావని మేము స్పష్టం చేయదలిచాము.

ఉపవాసాన్ని విధిగావించిన ఆయతుల వెంటనే సడలింపు కూడా ఉన్నదన్న సంగతిని మనం ఎందుకు విస్మరిస్తున్నాం? బఖరా సూరా 183వ ఆయతు ఉపవాసాన్ని విధిగా ప్రకటించింది. 184వ ఆయతు రోగులకూ, ప్రయాణికులకూ ఆ లెక్కను ఇతర దినాలలో పూర్తి చేసుకునే అవకాశమిచ్చింది. 185వ ఆయతు అదే సడలింపును మళ్ళీ పేర్కొని, అల్లాహ్ తన దాసులకు సౌలభ్యాన్నే కోరుతున్నాడు గాని కష్టాన్ని కాదని తేల్చిచెప్పింది. విధి ఎవరిదో సడలింపు కూడా ఆయనదే. ఒకదానిని శిరసావహించి రెండవదానిని బలహీనుల సాకుగా చూడటం భక్తి కాదు.

దైవప్రవక్త (సఅసం) ఆచరణ ఇంకా స్పష్టం. హిజ్రీ 8వ సంవత్సరం రమజాన్‌లో మక్కా వైపు సాగుతుండగా, అనుచరులు ఉపవాసంతో అలసిపోతున్నారని తెలిసి, ఆయన అందరూ చూస్తుండగా పాత్ర పైకెత్తి నీరు త్రాగారు. అయినా కొందరు ఉపవాసం వీడలేదని తెలిసినప్పుడు వారిని ఆజ్ఞోల్లంఘనులని అన్నారే గాని మెచ్చుకోలేదు. మరొక సంఘటన మరింత హెచ్చరిక. తలకు గాయమైన ఒక వ్యక్తికి గుసుల్ తప్పదనీ, తయమ్ముమ్‌కు అనుమతి లేదనీ తోటివారు చెప్పగా, అతడు స్నానం చేసి మరణించాడు. ఆ మరణానికి సలహా ఇచ్చినవారినే ప్రవక్త బాధ్యులను చేశారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవటమే అజ్ఞానానికి మందు అన్నారు. అరుగుల మీద కూర్చుని ఫత్వాలిచ్చే మన పెద్దలు ఈ హదీసును ఒక్కసారైనా మననం చేసుకోవాలి.

ఇంతకూ ఉపవాసంలో అనుమతించబడినవేవి? మరచి తిన్నా, త్రాగినా రోజా భంగం కాదు. గుర్తుకు రాగానే ఆపి, దానిని పూర్తి చేయాలి. మిస్వాక్ చేయవచ్చు. స్నానం చేయవచ్చు, వేడికి తాళలేక ఉపవాసస్థితిలో ప్రవక్త తలపై నీరు పోసుకున్నట్లు హదీసు ఉంది. తనంతట తానుగా వాంతి అయినా రోజా నిలిచే ఉంటుంది. ఆధునిక చికిత్సల విషయమై జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1997లో విస్పష్టమైన తీర్మానం చేసింది. కంటి చుక్కలు, పోషణకు సంబంధించని ఇంజెక్షన్లు, ఆక్సిజన్ పీల్చటం ఉపవాసాన్ని భంగపరచవని అందులో ఉంది. ముక్కులో వేసే మందు, ఉబ్బసానికి వాడే ఇన్‌హేలర్ వంటి వాటిలో పండితుల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. అట్టివాటిని తాము విశ్వసించే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. అయితే ఊపిరాడని వేళ ఇన్‌హేలర్ వాడటానికి ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడనవసరం లేదు. రోజా పోతే ఖజా ఉంది. ప్రాణం పోతే ఖజా లేదు.

మధుమేహులకు ప్రత్యేకంగా చెప్పాలి. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే పడిపోయినా, 300 దాటినా వెంటనే ఉపవాసం విరమించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘మగ్రిబ్‌కు ఇంకా అరగంటే కదా’ అని బలవంతపెట్టే బంధువు ఆ అరగంటలో ఏమి జరగవచ్చునో ఎరుగడు. కోలుకునే ఆశ ఉన్నవారు తరువాత ఖజా చేసుకుంటారు. ఆశ లేనివారు రోజుకొక్క నిరుపేదకు భోజనం చొప్పున ఫిద్యా చెల్లిస్తారు. ఇందులో సిగ్గుపడవలసినదేమున్నది?

సిగ్గు మాట వచ్చింది గనుక మన ఇండ్లలోని స్త్రీల సంగతి కూడా మాట్లాడుకుందాం. నెలసరి దినాలలో ఉపవాసం పాటించరాదన్నది ధర్మశాసనం. అయినా కోడలు వంటగది తలుపు చాటున, మామగారి కంట పడకుండా రెండు ముద్దలు మింగవలసి వస్తున్నది. తనకో, బిడ్డకో హాని కలుగుతుందని భయపడే గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ ఉపవాసం వాయిదా వేసుకునే హక్కు ఉంది. ‘మా కాలంలో మేమందరం ఉన్నాం’ అనే అత్తగారి మాట ఆ హక్కును రద్దు చేయజాలదు.

హక్కుల గురించి ప్రభుత్వాలను ప్రశ్నించే మనం కష్టజీవుల సంగతి మరువరాదు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ముస్లిం ఉద్యోగులు రమజాన్‌లో గంట ముందుగా ఇంటికి వెళ్ళే వెసులుబాటు కల్పించాయి, మంచిదే. మరి వెల్డింగు షాపులో, తాపీపనిలో, ఆటో నడుపుతూ పొట్టపోసుకునే మన సోదరునికి ఆ గంట ఎవరిస్తారు? అతడి యజమాని అనేకసార్లు మనవాడే. ఇఫ్తార్ విందుకు వందలమందిని పిలిచే యజమాని తన పనివానికి మధ్యాహ్నం నీడ, ఒక గంట విశ్రాంతి ఇవ్వలేడా? ఎండలో ప్రాణం మీదికి వచ్చిన కూలీ నీరు త్రాగితే అతడిని వేలెత్తి చూపే ముందు, అతడిని ఆ ఎండలో నిలబెట్టినవారిని నిలదీయాలి.

సడలింపుల గురించి ప్రచారం చేస్తే యువత రోజాలు వదిలేస్తుందని కొందరి ఆందోళన. సోమరితనానికి ధర్మంలో మినహాయింపు లేదు. కారణం లేకుండా విడిచినవాడు అల్లాహ్‌కు జవాబుదారి. కానీ ఒక సోమరిని ఆపడానికి పదిమంది రోగులను బలిపెట్టే హక్కు ఎవరికీ లేదు. సత్యాన్ని దాచి కాపాడవలసినంత బలహీనమైనది కాదు మన ధర్మం.

కావున మస్జిద్ కమిటీలను మేము కోరేది ఇదే. షాబాన్ మాసపు చివరి జుమా ఖుత్బాను ఈ విషయానికే కేటాయించండి. ఆలిమ్‌నూ వైద్యునీ ఒకే వేదికపై కూర్చోబెట్టి ప్రజల సందేహాలు తీర్చండి. స్త్రీలు తమ ప్రశ్నలు కాగితంపై వ్రాసి పంపే ఏర్పాటు చేయండి. ఇక కుటుంబాలకు మా మనవి: రోజా ఉన్నావా అని రోగిని ప్రశ్నించకండి, మందు వేసుకున్నావా అని అడగండి.